బూటు అడుగు ఆకారంలో పిన్ను, మధ్యలో చిల్లు: ఇదేం ఎన్నికల గుర్తండీ?

అటకమీదిపెట్టె:

అందరికీ నమస్కారం. పోయిన శనివారం ఇక్కడ దగ్గర్లో ఒక ఎస్టేట్ సేల్‌కి వెళ్లాను. అమెరికాలో లేనివాళ్ల కోసం చెబుతున్నా, ఇంటి పెద్దవాళ్లు పోయాక ఆ ఇంట్లో సామానంతా, చెంచాల దగ్గర్నుంచి మంచాల దాకా, ధర చీటీలు అంటించి అమ్మేస్తారు, అదన్నమాట. నేను వెళ్లింది ఒక చెక్క బీరువా కోసం. నేను వెళ్లేసరికే దాన్ని ఎవరో పట్టుకుపోయారు. ఉత్త చేతుల్తో రావడం ఎందుకని బల్ల కింద పడున్న బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి 15 డాలర్లకి తీసుకున్నా. ఊపితే గలగలమంది, కుట్టుపని సామానేమో అనుకున్నా.

ఇంటికొచ్చి తెరిస్తే అన్నీ పాత ఎన్నికల బ్యాడ్జీలు! మెకిన్లీ, హోబార్ట్ అని ఇద్దరు మీసాలు లేని పెద్దమనుషుల బొమ్మలున్న రేకు బటన్ ఒకటి. పసుప్పచ్చ ఊలు గుడ్డతో చేసిన పొద్దుతిరుగుడు పువ్వు ఒకటి, నడుమ లాండన్ అని పేరు. "మాకు ఎలినార్ కూడా వద్దు" అని రాసున్న బటన్ ఒకటి, ఇది చూసి చాలాసేపు నవ్వుకున్నా, ఎవరా ఎలినార్, ఏం పాపం చేసింది అని. ఇవి కాక ఇంకో పాతిక దాకా ఉన్నాయి.

వీటన్నిటిలో నాకు అంతుపట్టనిది ఒకటే. బొటనవేలి గోరంత పిన్ను, వెండి రంగు, అచ్చం బూటు అడుగు ఆకారం. మధ్యలో చిల్లు. పేరు లేదు, సంవత్సరం లేదు, నినాదం లేదు. మొదట ఏదో చెప్పుల కంపెనీ వాళ్లు పంచిందేమో అనుకున్నా, కానీ మిగతావన్నీ ఎన్నికలవే కదా, ఇదొక్కటీ ఇక్కడికెలా వచ్చింది? చిల్లు పడ్డ బూటు చూపించి ఓటు అడిగే మనిషి ఉంటాడా? తెలిసినవాళ్లు చెప్పండి. అలాగే మెకిన్లీ బటన్ నిజమైనదేనా, దానికేమైనా ధర పలుకుతుందా అన్నది కూడా.

పిన్నులపిచ్చోడు:

బటన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ బూటు. మీ 15 డాలర్లూ దానికే గిట్టుబాటు అయిపోయాయనుకోండి, అంటే డబ్బు లెక్కలో కాదు, కథ లెక్కలో.

అది 1952 నాటిది, అడ్లై స్టీవెన్సన్‌ది. అవును, చిల్లు బూటు చూపించి ఓటు అడిగిన మనిషి నిజంగానే ఉన్నాడు. డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి, అప్పటికి ఇల్లినాయ్ గవర్నర్. సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే రోజున మిషిగన్‌లో ఫ్లింట్ అనే కార్ల ఫ్యాక్టరీల ఊళ్లో సభ. వేదిక మీద ఆ రాష్ట్ర గవర్నర్ పక్కన కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, తన ప్రసంగం కాగితాలు చూసుకుంటున్నాడు. ఫ్లింట్ జర్నల్ పత్రిక ఫొటోగ్రాఫర్ విలియం గాలగర్ కింద నుంచి ఫొటో తీశాడు. కుడికాలి బూటు అడుగున అరిగి అరిగి పడ్డ చిల్లు బ్రహ్మాండంగా పడింది అందులో. ఆ ఫొటోకి 1953లో పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది.

ఇప్పుడు స్టీవెన్సన్ ఎలాంటివాడో తెలిస్తేనే ఇందులో మజా అర్థమవుతుంది. పెద్దింటి బిడ్డ. తాత కూడా అడ్లై స్టీవెన్సనే, క్లీవ్‌లాండ్ రెండోసారి అధ్యక్షుడైనప్పుడు ఉపాధ్యక్షుడు. మనవడు ప్రిన్స్‌టన్‌లో చదివాడు, మాట్లాడితే పుస్తకం చదివినట్టు ఉంటుంది, బట్టతల. ఆ తలనీ ఆ చదువునీ కలిపి "గుడ్డు తలకాయ" అని వెక్కిరించేవాళ్లు. ఇవతల పక్షమేమో ఐజన్‌హోవర్, యుద్ధం గెలిపించిన జనరల్, "ఐ లైక్ ఐక్" అని మూడు ముక్కల్లో తేలిపోయే నినాదం, చిన్నపిల్లలు కూడా పాడేస్తారు. దాని ముందు ఈయన వాక్యాలు ఎవరికెక్కుతాయి? అలాంటప్పుడు ఈ చిల్లు దొరికింది. మామూలుగా అయితే సిగ్గుపడాలి, కనీసం కొత్త బూట్లు కొనుక్కోవాలి. వీళ్లేం చేశారంటే ఆ చిల్లునే పిన్నుగా పోతపోయించి కోట్లకి తగిలించుకున్నారు. మా వాడు ఊరూరూ తిరిగి బూట్లు అరగదీసుకున్నాడు చూడండి, మీ పాట్లు తెలిసినవాడే అని.

పేరు లేకపోవడం కూడా అందుకే. ఆ ఫొటో చూడనివాళ్లు లేరు ఆరోజుల్లో, పేరు దేనికి!

చరిత్రచాదస్తం:

పిన్నులపిచ్చోడు గారు చెప్పింది బావుంది, కానీ ఇది స్టీవెన్సన్ మనుషులు కొత్తగా కనిపెట్టిన విద్య కాదండీ. ఎదుటివాడు విసిరిన రాయితోనే ఇల్లు కట్టుకోవడం అమెరికా ఎన్నికల్లో 1840 నుంచీ ఉంది, ఇల్లంటే నిజంగానే ఇల్లు.

ఆ ఏడాది విగ్ పార్టీ (అప్పట్లో డెమొక్రాట్లకి ఎదురు పార్టీ) తరఫున విలియం హెన్రీ హారిసన్ నిలబడ్డాడు. వయసు 67, పాత సైన్యాధిపతి. ఎదురు పార్టీ వైపు బాల్టిమోర్ పత్రిక ఒకటి ఆయన్ని ఎగతాళి చేస్తూ రాసింది: ఈ ముసలాయనకి ఒక పీపా పులిసిన ఆపిల్ సారా, ఏడాదికి రెండు వేల డాలర్ల పింఛను ఇచ్చేస్తే చాలు, తన దుంగల గుడిసెలో నిప్పు పక్కన కూర్చుని మిగతా రోజులు గడిపేస్తాడు, ఈయనకి అధ్యక్ష పదవి ఎందుకు అని. పట్నం మనిషి పల్లెటూరి మనిషిని చూసి నవ్వినట్టుంటుంది ఆ రాత. అప్పటి ఓటర్లలో చాలామంది పుట్టింది అలాంటి గుడిసెల్లోనే, వాళ్లకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

విగ్ పార్టీ వాళ్లు ఆ మాటనే గర్వంగా ఎత్తుకున్నారు. ఊరేగింపుల్లో బండ్ల మీద దుంగల గుడిసెలు, పక్కనే సారా పీపా, వచ్చినవాడికల్లా ఒక చెంబు. గుడిసె బొమ్మతో రుమాళ్లు, కప్పులు, పళ్లేలు, పాటల పుస్తకాలు, ఒకటేమిటి. పదడుగుల ఎత్తు పెద్ద బంతి చేసి దాని నిండా నినాదాలు రాసి ఊరి నుంచి ఊరికి దొర్లించుకుంటూ వెళ్లారు, ఇదైతే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు, ఎండలో వానలో ఒక బంతిని తోసుకుంటూ మైళ్ల కొద్దీ నడవడం! అసలు తమాషా ఇది. హారిసన్ గుడిసెలో పుట్టనే లేదు. వర్జీనియాలో బర్క్‌లీ అనే పెద్ద ఎస్టేట్‌లో పుట్టాడు, తండ్రి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్లలో ఒకడు. ఎదురు నిలబడ్డ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ ఏమో ఊళ్లో పూటకూళ్ల సత్రం నడిపినాయన కొడుకు. ప్రచారం అయ్యేసరికి సత్రం కొడుకు బంగారు చెంచాతో తినే జమీందారు అయిపోయాడు, జమీందారు కొడుకు గుడిసెవాసి అయిపోయాడు. బంగారు చెంచా అన్నది ఊరికే అనలేదు, పెన్సిల్వేనియా కాంగ్రెస్ సభ్యుడు చార్లెస్ ఓగల్ సభలో నిలబడి అధ్యక్ష భవనంలో సామాన్ల జాబితా చదివి చదివి వాన్ బ్యూరెన్ పరువు తీశాడు.

234 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాల వారీగా వచ్చేవి, అధ్యక్షుడెవరో తేలేది వీటితోనే) హారిసన్‌కి, 60 వాన్ బ్యూరెన్‌కి. ఓటున్నవాళ్లలో దాదాపు 80 శాతం మంది వచ్చి వేశారు. పాపం ఆ పెద్దాయన పదవిలో సరిగ్గా ఒక నెల ఉండి పోయాడు.

ఇంకో మాట, అప్పుడు సారా పోసిచ్చిన బూజ్ అనే వ్యాపారి పేరు మీదే ఇంగ్లీషులో మందుకి ఆ మాట వచ్చిందని చాలామంది చెబుతుంటారు. నమ్మకండి, ఆ మాట అంతకు ముందు నుంచే ఉంది. వాన్ బ్యూరెన్ వైపు మాత్రం ఒక నిజమైన జ్ఞాపకం మిగిలింది. ఆయన ఊరు కిండర్‌హుక్, అభిమానులు ఆయన్ని ఓల్డ్ కిండర్‌హుక్ అనేవాళ్లు, అందులో మొదటి అక్షరాలు తీసుకుని ఓకే క్లబ్బులు పెట్టారు. ఓకే అన్న మాట అంతకు ఏడాది ముందే బోస్టన్ పత్రికలో పుట్టింది కానీ, దేశమంతా పాకింది ఈ ఎన్నికల వల్లే. ఆయన ఓడిపోయాడు, ఆ మాట గెలిచింది.

లెక్కలమాస్టారు:

అందరూ కథలు బాగా చెబుతున్నారు, నేనొక్కడినే చేదు మాట చెప్పాలి. ఆవిడ డబ్బాలో ఉన్నవాటిలో మెకిన్లీ తప్ప అన్నీ ఓడిపోయినవాళ్లవే, గమనించారా?

చిల్లు బూటు స్టీవెన్సన్‌కి వచ్చింది 89 ఎలక్టోరల్ ఓట్లు, ఐజన్‌హోవర్‌కి 442. తొమ్మిది రాష్ట్రాలు గెలిచాడంతే. పొద్దుతిరుగుడు పువ్వు లాండన్ సంగతి ఇంకా ఘోరం. ఆయన కాన్సస్ గవర్నర్, ఆ పువ్వు వాళ్ల రాష్ట్ర పుష్పం, 1936లో ఎక్కడ చూసినా ఆ పసుపు పువ్వులే. పైగా లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి పోస్టుకార్డు ఓట్లు పంపి, తిరిగొచ్చిన 20 లక్షల పైచిలుకు లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడని తేల్చింది. పేర్లు ఎక్కడివి? టెలిఫోన్ డైరెక్టరీల్లోవి, కార్ల రిజిస్ట్రేషన్లలోవి. దేశం ఆకలితో ఉన్న రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాడు ఎటు వేస్తాడో అందరికీ తెలుసు, ఆ పత్రికకి తప్ప. అప్పటి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి 523, లాండన్‌కి 8. మెయిన్, వెర్మాంట్, ఆ రెండే రాష్ట్రాలు. రెండేళ్లలో పత్రిక కూడా మూతపడింది.

ఎలినార్ బటన్ 1940ది. ఎలినార్ అంటే రూజ్‌వెల్ట్ భార్య. ఆయన మూడోసారి నిలబడేసరికి ఎదురుగా ఉన్న విల్కీ మనుషులు వందల రకాల నినాదాలతో బటన్లు గుద్దించారు, మూడోసారి వద్దు అని ఒకటి, మాకు ఎలినార్ కూడా వద్దు అని ఒకటి. ఆవిడ ఊరుకునే మనిషి కాదు, ఊళ్లు తిరిగేది, పత్రికలో రోజూ రాసేది, నల్లవాళ్ల హక్కుల గురించి మాట్లాడేది, అదీ కోపం. మరి ఫలితం? విల్కీకి 82. నా ఉద్దేశం, కోటుకి బటన్ పెట్టుకునేవాడు ఎలాగూ ఓటేసేవాడే, బటన్ చూసి మారిన ఓటు ఒక్కటి చూపించండి.

అటకమీదిపెట్టె:

అయ్యబాబోయ్, ఇన్ని సమాధానాలా! అందరికీ థాంక్స్. మాస్టారూ, నా డబ్బా ఓడిపోయినవాళ్ల డబ్బా అన్నారుగా, కొంచెం బాధేసింది కానీ నిజమే, ఆ ఇంట్లో ఆయన ఎప్పుడూ ఓడేవాళ్ల వైపే ఉండేవాడేమో.

మళ్లీ గాలిస్తే డబ్బా అడుగున కాగితం పొట్లంలో ఇంకోటి దొరికింది. బంగారు రంగు పురుగు. పేడపురుగు లాగా ఉంది, నిజం చెప్పాలంటే. తోక దగ్గర చిన్న మీట ఉంది, నొక్కితే రెక్కలు టక్కున విచ్చుకుంటాయి, ఒక్కో రెక్క మీద చిన్న ఫొటో పెట్టే చోటు, ఒకదాంట్లో ఖాళీ, రెండోదాంట్లో మొహం చెరిగిపోయిన మనిషి. పిల్లలు పొద్దున్నుంచీ దాంతోనే ఆడుతున్నారు. ఇది కూడా ఎన్నికలదేనా, లేక ఏదో ఆటబొమ్మా?

పిన్నులపిచ్చోడు:

ఆగండాగండి, ముందు ఆ పురుగుని పిల్లల దగ్గర్నుంచి తీసేసుకోండి! తర్వాత చదవండి.

అది గోల్డ్ బగ్, 1896ది, మీ మెకిన్లీదే. ఖాళీ రెక్కలో ఉండాల్సింది ఆయనో హోబార్టో, వాళ్లిద్దరూ అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థులు. ఆ ఏడాది గొడవంతా డబ్బు గురించి. డాలర్‌కి వెనక బంగారం ఒక్కటే ఉండాలని మెకిన్లీ పక్షం, వెండి నాణేలు కూడా విరివిగా పొయ్యాలని విలియం జెన్నింగ్స్ బ్రయన్ పక్షం. అప్పుల్లో ఉన్న రైతుకి వెండి కావాలి, అప్పులిచ్చినవాడికి బంగారం కావాలి, సింపుల్‌గా చెప్పాలంటే అంతే. బంగారం పక్షం వాళ్లని "బంగారు పురుగులు" అని తిట్టేవాళ్లు. వాళ్లు ఏం చేసుంటారో ఈపాటికి మీరే చెప్పేస్తారు. ఆ పురుగునే చేయించి కోటుకి గుచ్చుకున్నారు! వెండి వాళ్లు కూడా ఊరుకోక వెండి పురుగులు చేయించారు.

ఆ ఎన్నిక అసలు వింతల పుట్ట. బ్రయన్ 36 ఏళ్లవాడు, రైలెక్కి 18 వేల మైళ్లు తిరిగాడు, గొంతు పోయేలా అరిచాడు. మెకిన్లీ ఇల్లు కదల్లేదు. ఒహాయోలో కాంటన్ అనే ఊళ్లో తన ఇంటి వరండాలో నిలబడితే జనాన్నే అక్కడికి రైళ్లలో తోలుకొచ్చారు, రైలు కంపెనీలు టికెట్ బాగా తగ్గించాయి, మొత్తం మీద ఏడున్నర లక్షల మంది వచ్చారని లెక్క. వచ్చినవాళ్లు ఏం మాట్లాడతారో ముందే రాసి పంపాలి, ఆయన చూసి దిద్దుతాడు, తర్వాత వరండా కింద నిలబడి అది చదవాలి, ఆయన అప్పటికప్పుడు తోచినట్టు జవాబు చెబుతాడు. నాటకం అంటే నాటకం. పోతూ పోతూ జనం పచ్చిగడ్డి పీక్కుపోయారు, కంచె చెక్కలు ఊడబెరుక్కుపోయారు, జ్ఞాపకార్థం. మాస్టారు బటన్లతో ఓట్లు మారవంటున్నారు, మరి వాళ్ల ఇంటి కంచె చెక్క ఊరికి పట్టుకెళ్లినవాడు ఆ కథ ఎంతమందికి చెప్పుంటాడు?

ఇదే ఏడాది ఇంకో దరిద్రపు వస్తువు కూడా వచ్చింది, సబ్బు పాపాయి. సబ్బుతో చేసిన పసిబిడ్డ బొమ్మ, మెడలో చీటీ, "మా నాన్న మెకిన్లీకి ఓటేస్తాడు" అని. చిన్న అట్టపెట్టెలో పడుకోబెట్టి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు చూస్తే ఆ పెట్టె అచ్చం శవపేటికలా కనిపిస్తుంది, నా దగ్గర ఒకటుంది, మా ఆవిడ హాల్లో పెట్టనివ్వదు.

ఇక బటన్. గుండుసూది వెనక ఉండి, కాగితం బొమ్మ మీద పల్చటి సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పొర కప్పి చేసే బటన్‌కి న్యూజెర్సీలోని వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ 1896లోనే పేటెంట్ తీసుకుంది. అంటే నిజమైన మెకిన్లీ బటన్ అయితే సెల్యులాయిడ్‌ది అయ్యుండాలి. బొమ్మని నేరుగా రేకు మీద అచ్చేసే పద్ధతి ఆ తర్వాత చాలా ఏళ్లకి గానీ రాలేదు, సుమారు 1920 నుంచి. మీరేమో "రేకు బటన్" అన్నారు, అక్కడే నాకు అనుమానం వచ్చింది. భూతద్దం తీసుకుని అంచు చుట్టూ చూడండి, చాలా సన్నటి అక్షరాలు ఉండొచ్చు. 1968లో క్లీనెక్స్ అనే కాగితం రుమాళ్ల వాళ్లు, 1972లో అమెరికన్ ఆయిల్ అనే పెట్రోలు కంపెనీ వాళ్లు పాత బటన్లకి నకళ్లు చేసి పంచారు, అంచు మీద గుర్తు ఉంటుంది. 1973లో చట్టమే వచ్చింది, నకలు చేస్తే ఏ సంవత్సరంలో చేశారో దాని మీదే వెయ్యాలని. అంతకు ముందు చేసినవి, అంచు గీకేసినవి చేతులు మారుతూనే ఉంటాయి, నేనూ ఒకసారి మోసపోయా, ఎంతకో చెప్పను.

రాత్రిషిఫ్టు:

నాకు పాత కథలు తెలియవు గానీ కొత్తది ఒకటి చెబుతా. 2008లో ఒబామా, మెక్‌కెయిన్ ఎన్నికలప్పుడు ఇద్దరు కుర్రాళ్లు అప్పుల్లో మునిగి, మామూలు సీరియల్ (పొద్దున్నే పాలల్లో వేసుకుని తినేది) కొనుక్కొచ్చి, ఒబామా ఓస్ అని, కెప్టెన్ మెక్‌కెయిన్స్ అని అట్టపెట్టెలు అచ్చేయించి అందులో పోసి, పెట్టె 40 డాలర్లకి అమ్మారు. పెట్టెలు చేత్తో మడిచి జిగురు పెట్టి అంటించారంట. దాదాపు 30 వేల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో నడిచిన కంపెనీయే ఎయిర్‌బీఎన్‌బీ, ఇళ్లూ గదులూ రోజుల లెక్కన అద్దెకిప్పించేది. కాబట్టి మాస్టారూ, ఎన్నికల సామానుతో ఓటు మారకపోయినా కొందరి జాతకం మారుద్ది.

అలాగే 1964లో అధ్యక్ష పదవికి నిలబడ్డ గోల్డ్‌వాటర్‌ది కూడా నాకు ఇష్టం బ్రో, మీసాల్లేని మెకిన్లీ కంటే బెటర్. పేరులో బంగారం, నీళ్లు రెండూ ఉన్నాయిగా, కెమిస్ట్రీ క్లాసులో లాగా బంగారం గుర్తు ఏ యు, దాని పక్కన హెచ్ 2 ఓ వేసి బటన్ మీద కొట్టారు, 64 అంకె కూడా జోడించి. ఇంటర్‌లో నాకు ఇలా చెప్పుంటే కెమిస్ట్రీ పాసయ్యేవాణ్ణి. గోల్డ్ వాటర్ అని డబ్బాల్లో కూల్‌డ్రింక్ కూడా అమ్మారు.

చరిత్రచాదస్తం:

కూల్‌డ్రింక్ అంటే గుర్తొచ్చింది, ప్రతి ఎత్తూ పారదు కదా, పారనిది ఒకటి చెప్పాలి.

1902లో అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ (ఎలినార్ భర్త కాదు, ఈయన వేరే) మిసిసిపీలో వేటకి వెళ్లి, కట్టేసిన ఎలుగుబంటిని కాల్చనన్నాడు. దాని మీద కార్టూను వచ్చింది, దాన్ని చూసి బొమ్మ చేశారు, అదే టెడ్డీ బేర్. ఇంత గిరాకీ చూసి నోరూరినవాళ్లు, తర్వాత అధ్యక్షుడైన టాఫ్ట్‌కి కూడా ఒక జంతువు కావాలనుకున్నారు. 1909 జనవరిలో అట్లాంటాలో ఆయనకి విందిచ్చి చిలగడదుంపలతో పాటు పెద్ద పాసమ్ ఒకటి వండి పెట్టారు. పాసమ్ అంటే పిల్లి అంత సైజు జంతువు, ఎలక మొహం, బోడి తోక. ఆ విందు పుణ్యమా అని "బిల్లీ పాసమ్" బొమ్మలు మార్కెట్లోకి దిగాయి, ఇక టెడ్డీ బేర్ పని అయిపోయిందన్నారు. ఏ పిల్ల పక్కలో పెట్టుకుని పడుకుంటుందండీ ఎలక మొహాన్ని? ఏడాది తిరిగేసరికి ఆ బొమ్మ అడ్రస్ లేదు.

రూజ్‌వెల్ట్‌దే ఇంకోటి, 1912 నాటిది అని చెప్పుకుంటారు. ఆయన ఫొటోతో 30 లక్షల కరపత్రాలు అచ్చయిపోయాక ఎవరో చూశారట, ఫొటో కింద షికాగో మాఫెట్ స్టూడియో కాపీరైట్ అని ఉంది, అడగనే లేదు. పట్టుబడితే కాపీకి ఒక డాలర్ చొప్పున కట్టాల్సి రావచ్చు, అంటే 30 లక్షల డాలర్లు. ప్రచారం నడిపే జార్జ్ పెర్కిన్స్ టెన్షన్ పడకుండా స్టూడియోకి టెలిగ్రామ్ కొట్టాడు: లక్షల కరపత్రాల మీద ఫొటో వేస్తున్నాం, ఎవరి ఫొటో వేస్తే వాళ్లకి గొప్ప పబ్లిసిటీ, మీదే వెయ్యాలంటే మాకెంత ఇస్తారు? వాళ్లు 250 డాలర్లు ఇస్తామన్నారు!

నవ్వొచ్చేవి ఇవైతే, నవ్వు రానివి కూడా ఉన్నాయి. 1888లో కాలిఫోర్నియాలో ఆస్‌గుడ్‌బీ అనే రిపబ్లికన్, తను ఇంగ్లండ్‌లో పుట్టి వచ్చిన మర్చిసన్ అనే అమాయకుణ్ణని చెప్పుకుంటూ బ్రిటిష్ రాయబారికి ఉత్తరం రాశాడు, మా పుట్టింటి దేశానికి ఎవరు గెలిస్తే మంచిది దొరా అని. ఆ రాయబారి సాక్‌విల్-వెస్ట్ ఎంత మొద్దంటే, మళ్లీ నిలబడ్డ డెమొక్రాట్ అధ్యక్షుడు క్లీవ్‌లాండే నయం అని అర్థమొచ్చేలా జవాబు రాసి పంపాడు. ఎన్నికలకి రెండు వారాల ముందు దాన్ని పేపర్లో వేసేశారు. ఇంగ్లండ్ పేరెత్తితే పళ్లు కొరికే ఐరిష్ ఓటర్లు న్యూయార్క్ నిండా ఉన్నారు. క్లీవ్‌లాండ్ ఆ రాయబారిని దేశం నుంచి పంపించేశాడు గానీ అప్పటికే జరగాల్సింది జరిగింది. దేశం మొత్తం మీద ఓట్లు ఎక్కువ తెచ్చుకుని కూడా, న్యూయార్క్ పోగొట్టుకుని ఓడిపోయాడు. గెలిచింది ఎవరనుకున్నారు, గుడిసె హారిసన్ మనవడు బెంజమిన్ హారిసన్. తాత పేరు చెప్పుకుని వీళ్లు కూడా పెద్ద బంతి ఒకటి చేసి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ నుంచి ఇండియానాపొలిస్ దాకా దొర్లించుకొచ్చారు!

ఒక్క ఉత్తరం వల్లే ఓడాడని నేననను, పన్నుల గొడవ ఉంది, డబ్బులు పంచడం ఉంది. కానీ మాస్టారు అడిగిన "మారిన ఓటు" కావాలంటే బటన్లలో కాదు, ఇలాంటి ఉత్తరాల్లో వెతకాలి.

లెక్కలమాస్టారు:

ఒప్పుకున్నా చాదస్తం గారూ. ఓట్లు మారాయో లేదో గానీ, నేను ఒక బటన్‌కి మాత్రం తల వంచుతా. పిన్నులపిచ్చోడు గారు కాంటన్ అన్నారు కదా, అదే ఊళ్లో 1918లో సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. పదేళ్ల జైలు వేశారు. 1920 ఎన్నికలకి ఆయన అట్లాంటా జైల్లో ఉండి పోటీ చేశాడు, ఖైదీ నంబర్ 9653. మద్దతుదారులు దాన్నే బటన్ చేశారు, ఖైదీ బట్టల్లో ఆయన బొమ్మ, "అధ్యక్ష పదవికి ఖైదీ నంబర్ 9653". కాలు బయట పెట్టకుండా తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు. మెకిన్లీ కూడా ఇల్లు కదల్లేదు గానీ ఆయనకి వరండా ఉంది. ఆవిడ డబ్బాలో అది ఉందేమో ఎవరైనా అడగండి, ఉంటే నేను కొనుక్కుంటా.

అటకమీదిపెట్టె:

మాస్టారూ, ఖైదీ లేడండీ, రెండుసార్లు చూశా.

మెకిన్లీ అంచు చూశాను. మా అత్తగారి భూతద్దం తెచ్చి, కిటికీ దగ్గర నిలబడి, తిప్పి తిప్పి చూస్తే నిజంగానే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో ఏ, ఓ, 1972, ఆ తర్వాత ఏదో అంకె. అంటే పెట్రోలు బంకు వాళ్లు పంచింది! ఆ ఇంటి పెద్దాయన కారులో ఆయిల్ కొట్టించుకుని తెచ్చుకుని, నిజమైనవాటి పక్కన అంతే జాగ్రత్తగా దూదిలో పెట్టి దాచుకున్నాడు. ఇంకో ఆరింటికి కూడా అదే గుర్తుంది.

పురుగుని లాక్కున్నాను, ఏడుపులు అయ్యాయి. ఆ రెక్కలో చెరిగిపోయిన మొహం హోబార్ట్ అనుకుంటున్నా, జుట్టు మధ్యపాపిడి లాగా కనిపిస్తోంది, కాకపోతే అది మరకేమో కూడా తెలీదు. బూటు పిన్ను నేనే పెట్టుకుంటున్నా, నిన్న ఆఫీసుకి పెట్టుకెళ్తే ఒక పెద్దావిడ లిఫ్ట్‌లో చూసి "అడ్లై!" అంది, ఇంకేం అనలేదు, తన అంతస్తు వచ్చి దిగిపోయింది. పొద్దుతిరుగుడు పువ్వు పాప స్కూల్ బ్యాగుకి పెట్టుకుంటానని పేచీ. అదొక్కటీ ఇచ్చేశా. కొంచెం మురికిగా ఉంది, ఉతకొచ్చా?

పిన్నులపిచ్చోడు:

ఉతక్కండి! ఆ పసుపు రంగు నీళ్లు తగిలితే కారిపోతుంది, నడుమ రేకు తుప్పు పడుతుంది. మెత్తటి బ్రష్షుతో దులపండి చాలు. వాన రోజు బ్యాగు నుంచి తీసెయ్యమని చెప్పండి పాపకి. హోబార్ట్ మాట, ఆయనకి పెద్ద మీసం ఉంది, మీరు మొదట్లో ఇద్దరికీ మీసాల్లేవన్నారు, బటన్ మళ్లీ ఒకసారి చూడండి. పురుగు రెక్కలో మీసం కనిపిస్తే ఫొటో పెట్టండి, ఎవరో తేల్చేద్దాం.